అపోహలు - వాస్తవాలు: ఒక్క ‘ఎస్’ తేడాతో ఆగిపోయే ఆర్డర్లు

ఈ వారంలో ముగ్గురు అడిగారు. "డొమైన్ అదే ఉంటుంది కదండీ, ప్లాట్‌ఫామ్ మారిస్తే గూగుల్‌కి ఏం తెలుస్తుంది?" బెంగళూరు మారతహళ్లిలో కూర్చుని ఆన్‌లైన్ షాపుల్ని ఒక ప్లాట్‌ఫామ్ నుంచి, అంటే షాపు నడిపే సాఫ్ట్‌వేర్ నుంచి, ఇంకోదానికి మార్చడమే నా పని. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఇక ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

అపోహ: డొమైన్ (సైటు పేరు) మారకపోతే గూగుల్‌లో ఏమీ మారదు.

వాస్తవం: చాలా మారుతుంది. గూగుల్ దగ్గర ఉండేది ఒక్కో పేజీ పూర్తి అడ్రసు. వూకామర్స్ అనే ప్లాట్‌ఫామ్‌లో మామూలుగా చీర పేజీకి డొమైన్ తర్వాత ‘ప్రోడక్ట్’ అని వస్తుంది. షాపిఫైలో అదే చోట ‘ప్రోడక్ట్స్’ అని వస్తుంది, దాన్ని మార్చుకునే వీలు కూడా లేదు. చివర ఒక్క ఎస్. మనకి అచ్చుతప్పులా కనిపిస్తుంది, గూగుల్‌కి మాత్రం అది ఎన్నడూ చూడని పేజీ. పాత పేజీ ఏమో 404, అంటే ‘పేజీ దొరకలేదు’. కేటగిరీలకైతే ‘ప్రోడక్ట్-కేటగిరీ’ పోయి ‘కలెక్షన్స్’ వస్తుంది. మజెంటో నుంచి వచ్చేవాళ్లకి చాలాసార్లు అడ్రసు చివర ‘హెచ్‌టీఎంఎల్’ తోక ఉంటుంది, అదీ వెంట రాదు. అంటే డొమైన్ ఒకటే అయినా, షాపులో ప్రతి గది తలుపూ జరిగిపోయినట్టే. పాత తలుపు దగ్గరికి వచ్చినవాణ్ని కొత్త తలుపుకి పంపేదే 301 రీడైరెక్ట్.

ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ దెబ్బతిన్నాను, అదీ చెప్తాను.

ధర్మవరం నుంచి వచ్చి చిక్కపేటలో స్థిరపడిన ఒక పట్టుచీరల వ్యాపారి. నేను అన్నా అంటాను, ఆయన నన్ను అప్పా అంటారు. చీరలు, ఫొటోలు, ధరలు అన్నీ సరిగ్గా వచ్చాయి. ప్రోడక్ట్ ఎక్స్‌పోర్ట్ ఫైలు తీసుకుని, వరస తప్పకుండా అన్నిటికీ రీడైరెక్టులు వేశాను. రెండో వారం ఫోను. "ఏమప్పా, సైటు చూసేకి బాగుంది గానీ ఆర్డర్లు యాడ పోయినాయో!"

వెళ్లాను. ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో షాపు. తెల్ల పరుపు మీద విప్పిన చీరలు ఇంకా మడతపెట్టలేదు. ఆయన తన ఫోనులో ‘పట్టుచీర ఇంట్లో ఉతకొచ్చా’ అని గూగుల్‌లో వెతికి నా చేతికిచ్చారు. వాళ్ల సైటే పైన వచ్చింది. నొక్కాను. పేజీ దొరకలేదు. అది వాళ్లమ్మాయి కాలేజీ రోజుల్లో రాసిన వ్యాసమట. జనం దానికోసం వచ్చి, కింద ఉన్న చీరలు చూసి కొనేవాళ్లు. బ్లాగు పేజీలు ప్రోడక్ట్ ఫైలులో ఎలా ఉంటాయి? ఉండవు. స్టాకు అయిపోయి ఎప్పుడో తీసేసిన చీరల పేజీలూ ఉండవు. వాటికీ బయటి సైట్ల నుంచి లింకులున్నాయి. సరిచేయడానికి అరగంట పట్టింది. పోయిన రెండు వారాల అమ్మకాల్ని మాత్రం ఎవరు తెచ్చిస్తారు? ఆ నెల బిల్లు నేను అడగలేదు, ఆయనా ఆ మాటెత్తలేదు. కాఫీ మాత్రం తెప్పించారు.

అప్పటినుంచి రీడైరెక్టుల లిస్టు తయారుచేసే పద్ధతే మార్చాను. ముందు సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) 16 నెలల పర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి పేజీలన్నీ దించుకుంటాను. ఒకసారికి 1000 వరసలే ఇస్తుంది, పెద్ద షాపైతే ఫిల్టర్ పెట్టి ముక్కలుగా తీసుకోవాలి. తర్వాత బయటి లింకుల రిపోర్టు, ఆపైన పాత సైట్‌మ్యాప్, అంటే సైటు పేజీల జాబితా. అన్నీ కలిపి, పాత అడ్రసు ఒక గడిలో, కొత్తది పక్క గడిలో. ఆగిపోయిన చీరైతే అదే నేత ఉన్న కలెక్షన్‌కి పంపాలి. బద్ధకించి అన్నిటినీ హోమ్ పేజీకి తోస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా తీసుకోవచ్చు, అంటే పేజీ లేనట్టే లెక్క. ఈ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ అంటుంది. అసలు తీయొద్దంటాను నేను. వాటికేం అద్దె కడుతున్నామా?

‘సెర్చ్ కన్సోల్‌లో చేంజ్ ఆఫ్ అడ్రస్ నొక్కితే చాలు’ అని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. అది డొమైన్ మారినప్పుడు వాడేది. మీకు పనికిరాదు.

అపోహ: ప్లాట్‌ఫామ్ మారిస్తే గూగుల్ శిక్ష వేస్తుంది, ర్యాంకు ఇక తిరిగి రాదు.

ఎవరు పుట్టిస్తారో ఇవి! 301 వల్ల పేజీ విలువ తగ్గదని గూగుల్ పత్రాల్లోనే ఉంది. కొన్ని వారాలు పైకీ కిందికీ ఊగడం మామూలే. రాత్రి రెండింటికి లేచి ర్యాంకు చూసుకునేవాళ్లున్నారు, నాకు తెలుసు. ఇల్లు గడిచేదే ఆ షాపు మీదైతే టెన్షన్ ఉండదా మరి? కానీ చూడాల్సింది ర్యాంకు కాదు, 404ల లిస్టు. మొదటి నెల రోజూ పొద్దున ఒకసారి చూడండి, చాలు.

అపోహ: కస్టమర్ల పాస్‌వర్డులు, సేవ్ చేసిన కార్డులు కూడా వచ్చేస్తాయి.

పాస్‌వర్డు హ్యాష్ అయి, అంటే వెనక్కి తిప్పలేని కోడ్‌గా మారి ఉంటుంది, చాలావరకు రాదు. కొత్తది పెట్టుకోమని ముందే మెయిల్ పంపండి, లేకపోతే సైటు హ్యాకయిందనుకుంటారు. కార్డుల సంగతంటారా, 2022 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కార్డు నంబర్లు షాపుల దగ్గర ఉండనే కూడదు, వాటి బదులు వాడే కోడ్‌లు, టోకెన్లే. పేమెంట్ గేట్‌వే కూడా మారుస్తున్నట్టయితే టోకెన్ల గురించి వాళ్లనే అడగండి.

అపోహ: కొత్త సైటు లైవ్ అయింది కదా, పాతది మూసేయొచ్చు.

జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఇన్‌వాయిస్‌లన్నీ దించుకున్నాకే మూయండి. ఒకే ఆర్థిక సంవత్సరంలో ఇన్‌వాయిస్ నంబర్ రెండోసారి రాకూడదు కాబట్టి కొత్త సైటుకి కొత్త సిరీస్ పెట్టండి. మిగతాది మీ ఆడిటర్‌ని అడగండి.

ఇంకో చిన్నది. ప్రోడక్టుల సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ ‘8.90ఈ+12’ లాంటిదిగా మారి కూర్చుంటుంది, స్టాకంతా గందరగోళం. దసరా, దీపావళి ముందు ఈ పని పెట్టుకోకండి, కారణం చెప్పక్కర్లేదు కదా.

డొమైన్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లు మార్చేటప్పుడు, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు కొత్తచోట రాశారో లేదో కూడా చూసుకోండి, అవి లేకపోతే మెయిల్ రాదు. కోరమంగళలో ఒకాయన వాటిని మర్చిపోయాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, కొత్త ప్లాట్‌ఫామ్ అదిరింది, ఒక్క కంప్లైంట్ మెయిల్ కూడా రాలేదు అన్నాడు.