135వ పేరు

2018 ఫిబ్రవరి 25. దక్షిణ కొరియా శీతాకాల ఒలింపిక్స్‌లో ఐస్ హాకీ ఫైనల్. ఎవరూ లెక్కలోకి తీసుకోని జర్మనీ 3-2తో ముందుంది. ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. రష్యా ఆటగాడొకడు పెనాల్టీ మీద బయట కూర్చున్నాడు. ఇక తెగించి గోల్‌కీపర్‌ని కూడా బయటికి పిలిచేసి, అతని బదులు ఇంకో ఆటగాణ్ని మంచు మీదికి దింపారు. 55 సెకన్లు ఉందనగా నికితా గుసేవ్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో జర్మనీ ఆటగాడు ప్యాట్రిక్ రైమర్, స్టిక్ పైకెత్తి ఎదుటివాడికి తగిలించినందుకు బయటికెళ్లాల్సి వచ్చింది. అంతే, గుసేవ్ నుంచి అడ్డంగా వచ్చిన పక్‌ను ఆపి సర్దుకునే పని పెట్టుకోకుండా, వచ్చింది వచ్చినట్టే కొట్టాడు ఓ 20 ఏళ్ల కుర్రాడు. 4-3. స్వర్ణం.

ఆ కుర్రాడు కిరిల్ కప్రిజోవ్. అంతకు మూడేళ్ల ముందు ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడానికి జరిపిన డ్రాఫ్టులో అతనిది 135వ పేరు. అదే స్వర్ణం అందుకున్న 39 ఏళ్ల పావెల్ దత్సుక్ పేరు 1998 డ్రాఫ్టులో 171వది. ఒకే జట్టులో ఇద్దరు, రెండు తరాలవాళ్లు, ఇద్దరూ జాబితా అడుగునుంచి వచ్చినవాళ్లే. దీన్ని యాదృచ్ఛికం అని వదిలేయడానికి నాకు మనసొప్పదు. ఆ అంకెల వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

హాకీ అంటే మనకు గడ్డి మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. ఇది వేరే ఆట. మంచు మీద స్కేట్లతో, బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్లతో ఆడతారు. డ్రాఫ్టు కూడా మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. అక్కడ పాట పెంచడం ఉండదు. కిందటి సీజన్‌లో బాగా ఓడిన జట్లకు ముందు వరస, గెలిచిన జట్లకు వెనక వరస. వంతు వచ్చినప్పుడు ఒక పేరు చెప్పాలి. ఆ పేరుగలవాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడదలిస్తే ఆ జట్టుతోనే మాట్లాడుకోవాలి. ఇప్పుడు ఏడు రౌండ్లు, 32 జట్లు, మొత్తం 224 పేర్లు. పిలిచేది ఎక్కువగా 18 ఏళ్ల పిల్లల్ని. మీసాలు సరిగా రాని వయసులో వాళ్ల మీద ఒక అంకె పడుతుంది. అది ఏళ్ల తరబడి పేరు పక్కనే నడుస్తుంది.

ఈ పద్ధతి లేని రోజుల్లో ఇంకా ఘోరం. ఆరే జట్లుండేవి. ఒక్కో జట్టుకు తన ఊరి చుట్టూ 50 మైళ్ల మేర పిల్లల మీద హక్కు, దానికి తోడు కెనడా అంతటా తన డబ్బుతో నడిచే కుర్రాళ్ల జట్లు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లాడితో, తల్లిదండ్రులతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఆ పిల్లాడిక ఆ క్లబ్బు సొత్తు. ఆ ఆటలోనే మహా ఆటగాళ్లలో ఒకడనిపించుకున్న బాబీ ఓర్‌ని బోస్టన్ అలా కట్టేసుకున్నది 1962లో, అతనికి పద్నాలుగేళ్లప్పుడు. ఆ ఒప్పందంలో వాళ్లింటి గోడలకు పూత వేయించడం కూడా ఒక షరతు. చిన్న ఊరి కుటుంబానికి అదే పెద్ద సాయంగా కనిపించిన కాలం.

1963లో మాంట్రియల్‌లోని ఒక హోటల్లో మొదటి డ్రాఫ్టు జరిగింది. ఎంచుకున్నది 21 మందినే, మొదటి పేరు 16 ఏళ్ల గ్యారీ మొనాహన్‌ది. అప్పటికే మంచివాళ్లంతా ఏదో ఒక క్లబ్బు సంతకం కింద ఉన్నారు కాబట్టి, ఏరుకోగా మిగిలినవాళ్లలోంచి మళ్లీ ఏరుకోవడంలా సాగింది. ఆ పాత కట్టుబాట్లు పూర్తిగా వదిలేసరికి 1969 వచ్చింది. జనం చూస్తుండగా డ్రాఫ్టు జరిపింది 1980లో.

చివరి రౌండ్ల మీద జట్లకు ఎంత చిన్నచూపు ఉండేదో చెప్పడానికి 1974 ఒక్కటి చాలు. ఆ ఏడాది పోటీ లీగ్ భయంతో డ్రాఫ్టును ఫోన్ల మీద, గుట్టుగా నడిపారు. రోజుల తరబడి సాగే ఆ వ్యవహారానికి విసిగిపోయిన బఫెలో జట్టు మేనేజరు పంచ్ ఇమ్లాక్, 183వ పేరుగా తారో సుజిమోతో అనే జపాన్ ఆటగాణ్ని చెప్పాడు. లీగ్ రాసుకుంది. అలాంటి మనిషే లేడు! సరదా కథగా దీన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. లేని మనిషి పేరు చెప్పినా ఎవరూ ఆరా తీయని చోటే ఏటా పదుల సంఖ్యలో ఉన్న మనుషుల పేర్లు కూడా రాసేవారు. వాళ్ల ఆటను మాత్రం ఎవరు ఆరా తీసి ఉంటారు?

ఆ అడుగు భాగానికే సోవియట్, చెక్ ఆటగాళ్లు వచ్చి చేరారు. ఆటలో తక్కువై కాదు. వాళ్ల ప్రభుత్వాలు దేశం దాటనివ్వవు కాబట్టి, దొరికితే దొరికాడు అన్నట్టు చివర్లో ఒక పేరు వేసేవారు. 1983 జాబితా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సోవియట్ రక్షణకు గోడలా నిలిచిన ఫెతిసోవ్ 150, చెకోస్లోవేకియా గోల్‌కీపర్ డొమినిక్ హాషెక్ 199, సోవియట్ దాడికి పదునైన సెర్గీ మకరోవ్ 231. తనను షికాగో ఎంచుకుందన్న సంగతి హాషెక్‌కి నెలల తర్వాత గానీ తెలియలేదు. ఆ హాషెక్కే తర్వాత వరసగా రెండేళ్లు, 1997, 1998ల్లో, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. మకరోవ్ 31 ఏళ్ల వయసులో వచ్చి 1990లో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి, కాల్డర్ ట్రోఫీ, గెలిచేశాడు. అంత అనుభవజ్ఞుడు కొత్తవాడెలా అవుతాడని గొడవై, ఆ బహుమతికి వయోపరిమితి పెట్టారు.

ఈ కాలాన్ని సరిగ్గా చదివింది డెట్రాయిట్. 1989లో నిక్లస్ లిడ్‌స్ట్రామ్‌ను 53వ పేరుగా, సెర్గీ ఫెదరోవ్‌ను 74వ పేరుగా, వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్‌ను 221వ పేరుగా పట్టుకుంది. మరుసటి ఏడు ఫెదరోవ్ సోవియట్ జట్టుతో సియాటిల్ పోటీలకని వచ్చి, పోర్ట్‌లాండ్‌లోనే ఆ జట్టును వదిలి అమెరికాలో ఉండిపోయాడు. ఒకే డ్రాఫ్టులో, అదీ మొదటి యాభై పేర్ల తర్వాత, ఇంత సంపద పోగేసుకున్న జట్టు ఇంకోటి నాకు గుర్తు లేదు.

గోడలు కూలాక కూడా ఒక అడ్డంకి మిగిలింది. దూరం. దత్సుక్ యూరల్ పర్వతాల పక్కన యెకాతెరిన్‌బర్గ్ వాడు. బక్కపల్చటి మనిషి. 1996, 1997 డ్రాఫ్టుల్లో అతని పేరు ఎవరి నోటా రాలేదు. డెట్రాయిట్ తరఫున యూరప్‌లో తిరుగుతూ ఆటగాళ్లను వెతికే స్కౌట్ హోకన్ ఆండర్సన్ వేరే ఆటగాణ్ని, దిమిత్రి కలీనిన్‌ని, చూడటానికి మాస్కో వెళ్లి, ఎదుటి జట్టులో పక్‌ను వదలకుండా తిప్పుతున్న ఈ చిన్నవాణ్ని చూశాడు. మళ్లీ చూడ్డానికి బయల్దేరినప్పుడు అదే విమానం కోసం ఇంకో జట్టు స్కౌట్ కూడా కాచుకుని ఉన్నాడనీ, వాతావరణం బాగాలేక విమానం రద్దవడంతో ఆ రెండో మనిషి దత్సుక్‌ని చూడలేకపోయాడనీ హాకీ లోకంలో ఎన్నోసార్లు చెప్పుకున్న కథ. కలీనిన్ ఆ ఏడాది 18వ పేరు. దత్సుక్ 171వ పేరు. తర్వాత దత్సుక్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పును రెండుసార్లు గెలిచాడు, మూడేళ్లు వరసగా రక్షణ బాధ్యత చూసే ఉత్తమ ఫార్వర్డ్ అయ్యాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 1999లో అదే ఆండర్సన్ మాట మీద 210వ పేరుగా వచ్చిన హెన్రిక్ జెటర్‌బర్గ్, 2008లో డెట్రాయిట్ కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు.

ఇవి యూరప్ కథలేననుకోకండి. డాలస్‌లో ఫ్రిస్కో వైపు ఉండే మన తెలుగువాళ్లు రోజూ దాటుకుంటూ పోయే రింకులో సాధన చేసే స్టార్స్ జట్టుకు 2013లో కెప్టెన్ అయిన జేమీ బెన్ కెనడావాడే. 2007లో అతనిది 129వ పేరు. 2015లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు, అంటే కొట్టిన గోల్స్, సాయం చేసిన గోల్స్ కలిపి, అతనివే.

పుట్టిన నెల కూడా చేయి వేస్తుందని రుజువైంది. కెనడాలో పిల్లల హాకీకి ఏడాది లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టినవాడూ, డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టులో పడతారు. మన బడుల్లో ఒకే తరగతిలో పదకొండు నెలల తేడా ఉన్న పిల్లలు కూర్చున్నట్టే. ఎనిమిదేళ్ల వయసులో ఆ తేడా ఎత్తులో, బలంలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పెద్దగా కనిపించినవాడికి మంచి కోచ్, ఎక్కువ ఆట. రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లోనే దీన్ని లెక్కలతో చూపింది. 2013లో రాబర్ట్ డీనర్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. ఏడాది చివర్లో పుట్టినవాళ్లు, తమకు దక్కిన డ్రాఫ్టు స్థానం బట్టి ఊహించేదానికన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడి, ఎక్కువ పాయింట్లు చేస్తున్నారని తేల్చింది. ఎంచుకునేవాళ్ల కన్ను ఒకే వైపు, పదే పదే పొరబడుతోందన్నమాట. కప్రిజోవ్ ఏప్రిల్‌లో పుట్టాడు, కాబట్టి అతని అంకెను ఈ నెలల లెక్కతో వివరించలేం. దానికి వేరే కారణాలున్నాయి.

అతని సొంత ఊరు నోవోకుజ్‌నెత్స్క్. మాస్కోకు తూర్పున మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. సైబీరియాలో బొగ్గు, ఉక్కు మీద బతికే ఊరు. అక్కడి జట్టు మెతలూర్గ్, రష్యా లీగ్ కేహెచ్‌ఎల్‌లో అట్టడుగున ఉండేది. 2017లో లీగ్ నుంచే దాన్ని తీసేశారు. పదిహేడేళ్లకే పెద్దల మధ్య ఆ జట్టులో ఆడిన కప్రిజోవ్ తొలి సీజన్‌లో పది పాయింట్లు కూడా దాటలేదు. పెద్దల లీగ్‌లో, ఓడిపోయే జట్టులో ఆడే పిల్లాడి అంకెలు అంతకన్నా ఎక్కడుంటాయి? కాగితం మీద మాత్రం అవి చిన్నవిగానే కనబడతాయి. పైగా పొట్టి, ఆరడుగులకు బాగా తక్కువ. ఈ ఊరి నుంచే వచ్చిన గోల్‌కీపర్ సెర్గీ బాబ్రోవ్‌స్కీనైతే ఏ డ్రాఫ్టులోనూ ఎవరూ ఎంచుకోనేలేదు. అతను రెండుసార్లు లీగ్ ఉత్తమ గోల్‌కీపర్ అయ్యాడు, 2024, 2025 కప్పులు ఫ్లోరిడాతో గెలిచాడు. ఒకే ఊరి విషయంలో రెండుసార్లు ఇంత పొరబాటు జరిగిందంటే, పొరబాటు ఆ పిల్లల్లో లేదు. ఆ ఊరు వెళ్లొచ్చే విమానాల్లో ఉంది.

అన్నిటికన్నా బరువైన కారణం ఒప్పందాలది. 2005 తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌కు, మిగతా యూరప్ దేశాలకు ఆటగాళ్ల బదిలీ ఒప్పందం కుదిరినా రష్యా సంతకం పెట్టలేదు. 2008లో కేహెచ్‌ఎల్ మొదలయ్యాక సొంత గడ్డ మీదే మంచి డబ్బు. ఎంచుకున్న రష్యా కుర్రాడు ఎప్పుడొస్తాడో, అసలొస్తాడో రాడో! ఒకటి రెండు సీజన్లు ఓడితే ఉద్యోగం ఊడే మేనేజరు, ఐదేళ్లకు వచ్చేవాడి కోసం విలువైన వంతు ఎందుకు ఖర్చు పెడతాడు? భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని మూల్యం ఆటగాడి పేరు పక్కన అంకెగా పడుతుంది. చూసేవాళ్లు దాన్ని అతని స్థాయి అనుకుంటారు. నాకు కోపం తెప్పించేది ఆ పొరబాటే.

2015లో ఫ్లోరిడాలో జరిగిన డ్రాఫ్టులో అందరి కళ్లూ మొదటి పేరు కానర్ మెక్‌డేవిడ్ మీదే. మినెసోటా వైల్డ్ 20వ పేరుగా యోయెల్ ఎరిక్సన్ ఎక్‌ను, 50వ పేరుగా జోర్డన్ గ్రీన్‌వేను, 111వ పేరుగా ఒక గోల్‌కీపర్‌ను తీసుకుని, అయిదో రౌండ్‌లో గానీ కప్రిజోవ్ పేరు చెప్పలేదు. అతన్ని నమ్మిన జట్టు కూడా మూడుసార్లు అతన్ని దాటి వెళ్లిందన్నమాట. అయితే, బదిలీ ఒప్పందం లేకపోవడం వల్ల రష్యా ఆటగాళ్ల మీద జట్టు హక్కుకు గడువు లేదు. మినెసోటాకు ఎదురుచూడటం కుదిరింది. ఈలోగా కప్రిజోవ్ ఉఫాలో, తర్వాత మాస్కో సీఎస్‌కేఏలో ఆడాడు. 2019లో కేహెచ్‌ఎల్ విజేతకిచ్చే గగారిన్ కప్ గెలిచాడు. వరసగా రెండేళ్లు కేహెచ్‌ఎల్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. అక్కడ ఒప్పందం ముగిశాక 2020లో మినెసోటాతో సంతకం పెట్టాడు.

2021 జనవరి 14, లాస్ ఏంజెలెస్. కొవిడ్ వల్ల ప్రేక్షకులు లేని ఖాళీ రింకులో మొదటి మ్యాచ్. రెండు గోల్స్‌కు సాయం చేశాడు. అదనపు సమయంలో ఒంటరిగా దూసుకెళ్లి గోల్ తనే కొట్టి గెలిపించాడు. ఆ సీజన్ 55 మ్యాచ్‌ల్లో 51 పాయింట్లు. కాల్డర్ ట్రోఫీ దాదాపు ఏకగ్రీవంగా అతనిదైంది. 2000 నుంచి ఆడుతున్న మినెసోటాకు అదే మొదటిది. మరుసటి ఏడు 47 గోల్స్, 108 పాయింట్లు, జట్టు చరిత్రలో రికార్డు. తర్వాత 40 గోల్స్, ఆపై 46. 2024-25లో గాయంతో సగం సీజన్ పోయినా 41 మ్యాచ్‌ల్లోనే 56 పాయింట్లు.

2025 సెప్టెంబరు చివర్లో మినెసోటాతో అతను ఎనిమిదేళ్లకు 13.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అంత పెద్ద ఒప్పందం అప్పటిదాకా లేదు. కొద్ది రోజులకే మెక్‌డేవిడ్, జట్టు మీద భారం పడకుండా తక్కువకే ఒప్పుకుని, ఏడాదికి 1.25 కోట్ల డాలర్ల చొప్పున రెండేళ్లకు ఎడ్మంటన్‌తో సంతకం పెట్టాడు. 2026-27 సీజన్ నుంచి 2015 డ్రాఫ్టులో మొదటి పేరుకు ఏటా 1.25 కోట్ల డాలర్లు, 135వ పేరుకు 1.7 కోట్లు.