షీనా రింగోలా పాడాలంటే గొంతు చించుకోవాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నా దగ్గర వెస్టర్న్ వోకల్స్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఈమధ్య జే-పాప్, అంటే జపాన్ పాప్ పాటలే ఎక్కువగా పట్టుకొస్తున్నారు. యానిమే పాటలతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి యూట్యూబ్ వాళ్లని ఎటెటో తిప్పి, ఏదో ఒక రాత్రి జపాన్ గాయని షీనా రింగో దగ్గర దించుతుంది. కాలేజీ రోజుల నుంచి ఆవిడ పాటలు వింటున్నవాణ్ణి కాబట్టి నాకు సంతోషమే. కానీ వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "సార్, ఆ గరగర ఎలా వస్తుంది? గట్టిగా అరిచి చూశాను, కొంచెం వచ్చింది."

ఆ "కొంచెం వచ్చింది" వింటేనే నాకు టెన్షన్.

అపోహ: గొంతు చించుకుంటేనే ఆ గరుకు వస్తుంది.

వాస్తవం: రాదు. వచ్చేది బొంగురు. మర్నాడు మాట రాదు. తగ్గగానే మళ్లీ అదే పని చేస్తే చేతికి కాయలు కాసినట్టు స్వరతంత్రుల మీద కాయలు కాస్తాయి. నాడ్యూల్స్ అంటాం. అది వచ్చాక కొన్ని నెలలు పాట పక్కన పెట్టాల్సిందే.

ఈ తరహా గరుకును నేర్పుగా తెచ్చేవాళ్లు స్వరతంత్రుల్ని రాపాడించరు. వాటికి కొంచెం పైన ఇంకో జత మడతలుంటాయి, ఫాల్స్ ఫోల్డ్స్. కింద అసలు స్వరం శుభ్రంగా పలుకుతుంటే పైన ఈ మడతలు దగ్గరకొచ్చి అదురుతాయి. ఊపిరి పెద్దగా అక్కర్లేదు. ఎదురుగా నిలబడి వింటే "ఇంతేనా?" అనిపించేంత చిన్న శబ్దం అది. దాన్ని పెద్దది చేసేది మైకు.

మైకు ఒక్కటే కాదు. 2000 మార్చి 31న వచ్చిన ఆవిడ ఆల్బమ్ "షోసో స్ట్రిప్" హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చాలాచోట్ల గొంతు మీదే డిస్టార్షన్, అంటే శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్ వేశారు. స్టేజీ మీద మెగాఫోన్ పట్టుకుని పాడటం ఆవిడ ముద్ర. అంటే మన పిల్లలు మెషిన్ చేసిన పనిని గొంతుతో చేయబోతున్నారన్నమాట! పైగా ఆవిడ "హొన్నో" పాట వీడియో ఒకటి. 1999లో వచ్చింది. నర్సు వేషంలో గాజు పలకను పిడికిలితో గుద్ది పగలగొడుతుంది. కళ్లు ఆ గాజును చూస్తుంటే చెవి గొంతులో కూడా అంతే దెబ్బ ఉందనుకుంటుంది. వీడియో ఆపేసి పాట మాత్రం వినమంటాను. చాలామంది ముఖాలు అక్కడే మారిపోతాయి.

నమ్మకం కుదరనివాళ్లకు "యోకుషిత్సు" పాట వినిపిస్తాను. "షోసో స్ట్రిప్"లో అది మెషిన్ బీట్ల మీద నడుస్తుంది. అదే పాటను 2007లో "హేసేయ్ ఫూజోకు" ఆల్బమ్ కోసం వయొలిన్ కళాకారుడు సైతో నెకో ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడింది. పాట అదే, మనిషి అదే. కానీ గొంతు నిలబెట్టే చోటు వేరు, మాట వదిలే తీరు వేరు. ఇంకా వెనక్కెళ్తే 2002లో వచ్చిన "ఉతైతే మ్యోరి" ఆల్బమ్ ఉంది. అంతా ఇతరుల పాటలే. బీటిల్స్ బ్లూస్ ఒకటి అందులోనే, షూబర్ట్ స్వరపరిచిన గులాబీ పాటా అందులోనే. కార్పెంటర్స్ పాటనైతే మరో జపాన్ పాప్ స్టార్ ఉతాదా హికారుతో కలిసి పాడింది. రోజూ గొంతు చించుకునే మనిషి పక్కనే షూబర్ట్‌ని అంత మెత్తగా పలకలేదు. 1998లో, ఇంకా ఇరవై నిండకుండా మొదటి సింగిల్ విడుదల చేసిన ఆవిడ 2024లో "హోజోయా" ఆల్బమ్ కూడా పాడింది. అరుపులతో ఇన్నేళ్లు నెట్టుకురావడం ఎవరి తరమూ కాదు.

మరి మనకు వినిపించే ఆ కసి ఎక్కడిది? నన్నడిగితే, సగం హల్లుల్లో ఉంది. తొలి పాటల్లో ఆవిడ "ర"ని నాలుక ఆడించి దొర్లిస్తుంది. మామూలు జపనీస్ మాటల్లో "ర" అలా దొర్లదు, ఒక్కసారి తాకి వదిలేస్తుంది. అందుకే అక్కడి శ్రోతకు అది తెగింపులా వినిపిస్తుంది. ఇక్కడ మనకో సుఖం ఉంది. "గుర్రం", "బర్రె" అనగలిగినవాళ్లెవరికైనా అది ఉచితంగా వస్తుంది, గొంతుతో పనే లేదు. క్లాసులో ముందు ఇదే చేయిస్తాను. మెల్లగా, పక్క గదికి వినపడనంత మెల్లగా, "ర" మాత్రం దొర్లించి పాడమంటాను. కసి దానంతటదే వచ్చేస్తుంది.

ఒకమ్మాయి సంగతి చెప్పాలి. ఇంజినీరింగ్ స్టూడెంట్, కాలేజీ ఫెస్ట్‌లో "హొన్నో" పాడాలని ఇంట్లో వరసగా ప్రాక్టీస్ చేసిందట. ఫెస్ట్ వారంలో నాకు ఫోన్ చేస్తే అవతలి నుంచి గాలి తప్ప మాట లేదు. వాళ్లమ్మగారు ఫోన్ లాక్కుని, "సార్, దీని గొంతు ఇక రాదా?" అంటూ ఏడుపందుకున్నారు. "కంగారు పడకండమ్మా, చాలావరకు తగ్గిపోతుంది. పాట ఆపేయమనండి, మాట తగ్గించమనండి, గుసగుసలు కూడా వద్దు" అన్నాను. గుసగుసలాడితే గొంతుకు రెస్ట్ అనుకుంటారు చాలామంది. బిగబట్టి గుసగుసలాడటం కూడా శ్రమే. నీళ్లు బాగా తాగాలి. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాల్సిందే. ఊపిరాడకపోయినా రక్తం పడినా అప్పటిదాకా ఆగకూడదు.

ఈలోగా వాళ్ల వాట్సాప్ గ్రూపులో వైద్యులు బయల్దేరారు. మిరియాలు తేనె, పచ్చి గుడ్డు, ఉప్పు కర్పూరం! బాబూ, మింగింది ఏదైనా అన్నవాహికలోకి పోతుంది. స్వరతంత్రులు శ్వాసనాళం మీద ఉంటాయి. తేనె నేరుగా వాటి మీద పడితే మీకు దగ్గు తప్ప పాట రాదు. ఆ గ్రూపులోనే ఇంకొకరు, రింగోకి పసితనంలో ఆపరేషన్ అయింది కాబట్టే ఆ గొంతు అని తేల్చేశారు. ఆవిడ అన్నవాహిక లోపంతో పుట్టింది, పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేశారు, వీపు మీద మచ్చలున్నాయి. అదంతా నిజమే. దాన్ని గొంతుకు అంటగట్టడం మాత్రం కల్పన.

ఆ అమ్మాయి ఫెస్ట్‌లో పాడలేదు. తర్వాత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు అదే పాట తన శ్రుతికి దించుకుని హాయిగా పాడుతోంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: రాక్ అమ్ముడుపోక జాజ్‌లోకి మారింది.

వాస్తవం: "షోసో స్ట్రిప్" 20 లక్షలకు పైగా అమ్ముడైంది. ఇక జాజ్ వాసన 1999 నాటి మొదటి ఆల్బమ్‌లోనే ఉంది. అందులోని "మరునొఉచి సాడిస్టిక్" పాట కార్డ్స్ వాయించి చూడండి: ఏ-ఫ్లాట్ మేజర్ సెవెన్, జీ సెవెన్, సీ మైనర్ సెవెన్, ఈ-ఫ్లాట్ సెవెన్. శాక్సొఫోన్ కళాకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 1980 ఆల్బమ్‌లో బిల్ విదర్స్ పాడిన పాట కూడా దాదాపు ఈ నడకే. జపాన్‌లో ఈ వరసను ఇప్పుడు ఆవిడ పాట పేరుతోనే పిలుస్తున్నారు. సాహిత్యంలో చూస్తే రికెన్‌బ్యాకర్ 620 గిటారు, దానికి 1,90,000 యెన్‌లు లేని పిల్ల, వాయిద్యాల దుకాణాలకు పేరుపడ్డ ఒచనొమిజు. అంటే గిటారు పిచ్చిదాని గోడును జాజ్ కార్డ్స్ మీద కూర్చోబెట్టింది. సింగిల్‌గా రాకపోయినా కరవొకేల్లో ఇప్పటికీ జనం దాన్ని వదలరు. మారడానికి ఏముంది, మొదటి నుంచీ అన్నీ ఉన్నాయి.

అపోహ: టోక్యోలో రాత్రి వినోదాలకు పేరుపడ్డ పేట కబుకిచో మీద ఆవిడ పాడిన "కబుకిచో రాణి" పాట ఆవిడ సొంత కథ.

వాస్తవం: కాదు, కల్పితం. పెరిగింది ఎక్కువగా ఫుకుఒకాలో.

అపోహ: టోక్యో జిహెన్ ఆవిడ వెనక వాయించే బృందం.

వాస్తవం: 2004 నుంచి 2012 దాకా, మళ్లీ 2020లో కలిసిన అసలు సిసలు బ్యాండ్ అది. 2007 ఆల్బమ్ "గొరకు"లో బాణీలు ఎక్కువగా మిగతా సభ్యులవే. అందులో బేస్ గిటారు వాయించే కమెదా సెయిజి ఆవిడ సోలో తొలి ఆల్బమ్‌లకు అరేంజర్ కూడా. ఆయన బేస్ విడిగా వినండి, అది వేరే క్లాసు.

అపోహ: ఇలాంటి పాటలు పాడితే పిల్లల కర్ణాటక సంగీతం పాడైపోతుంది.

తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి ఫీజు కట్టి, వేకువనే లేపి సాధన చేయించింది వాళ్లే. శ్రుతి, గమకం అలవాటైన గొంతుకు ఇవి చెడుపు చేయవు. చెడుపు చేసేది అరుపు, అది ఏ సంగీతంలోనైనా అంతే. నేను పెట్టే షరతు ఒకటే, రెండిటినీ ఒకే సాధనలో కలపొద్దు. పొద్దున వర్ణం, సాయంత్రం రింగో.

"హొన్నో" పాడతామంటూ ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇది: ముందు రెండు మెట్లు కిందికి దించి, సగం గొంతుతో పాడి, రికార్డు చేసి పంపండి. గరుకు సంగతి ఆ తర్వాత చూద్దాం.