ఆ శబ్దం మందు కాదు: ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌పై అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగోసారి. ఓపీలో కుర్చీలో కూర్చోగానే ఫోన్ నా ముందు పెట్టి, "సార్, సౌండ్‌తో మెదడులో గడ్డ కరిగించేస్తున్నారట, కోత లేదట, కీమో లేదట, మా నాన్నకు అదే చేయించండి" అంటారు. నేను మెదడు ట్యూమర్లకు రేడియేషన్ ఇచ్చే డాక్టర్ని. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. రిపోర్టులో గ్లియోబ్లాస్టోమా (మెదడులో వేగంగా పెరిగే క్యాన్సర్) అని చదివాక ఆ ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? నా కోపమంతా సగం విషయం చెప్పి వీడియో వదిలేసేవాళ్ల మీదే.

అపోహ: అల్ట్రాసౌండే మెదడు క్యాన్సర్‌కి వైద్యం, ఇక కరెంటు (రేడియేషన్) పెట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: కాదు. ఇక్కడ శబ్దం చేసేది తలుపు తీయడం వరకే, లోపలికెళ్లి పని చేయాల్సింది మందు. మెదడు రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని అడ్డుగోడలా ఉంటాయి. అందుకే చాలా కీమో మందులు రక్తంలో తిరుగుతాయి గానీ మెదడులోకి చాలినంత చేరవు. ఈ పద్ధతిలో చేతి నరంలోకి మైక్రోబబుల్స్ (గ్యాస్ నింపిన అతి చిన్న బుడగలు) ఎక్కించి, ఎమ్మారైలో చూసుకుంటూ శబ్ద తరంగాలను కావాల్సిన చోటికి గురిపెడతారు. ఆ తరంగాలకు బుడగలు ఉబ్బుతూ ముడుచుకుంటూ నాళం గోడను లోపలి నుంచి కదిలిస్తాయి, సందులు కాసేపు వదులవుతాయి, అందులోంచి మందు వెళ్లాలి. వెళ్లిన మందుకు ఆ ట్యూమర్ లొంగాలి కూడా. ఈ రెండోది ఏ వీడియోలోనూ చెప్పరు.

2001లో హైనినెన్ అనే శాస్త్రవేత్త బృందం కుందేళ్లలో దీన్ని చేసి చూపించింది. మనిషికి ఇలా, కోత లేకుండా పుర్రె బయటి నుంచే, కీమో మందు పంపడం 2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మొదలైంది. 2023లో చికాగో నార్త్‌వెస్టర్న్ వాళ్లు 17 మంది మీద చేసిన అధ్యయనంలో, పుర్రెలో అమర్చిన పరికరంతో తెరిచిన చోట కీమో మందులైన పాక్లిటాక్సెల్ దాదాపు 4 రెట్లు, కార్బోప్లాటిన్ దాదాపు 6 రెట్లు ఎక్కువ చేరాయి. మంచి వార్తే, నాకూ ఆనందంగానే ఉంది. కానీ మందు ఎక్కువ చేరడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. ఆ రెండోది తేల్చడానికే ఇంకా ట్రయల్స్ జరుగుతున్నాయి.

నల్గొండ వైపు నుంచి ఒకబ్బాయి వాళ్లమ్మకు ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. రేడియేషన్ మామూలుగా ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు వారాల్లో మొదలుపెట్టాలి, తేదీ కూడా ఇచ్చాం. రాలేదు. విదేశంలో ఏదో సెంటర్‌కి మెయిల్ పెట్టి జవాబు కోసం రెండు నెలలు ఎదురుచూశాడట. మళ్లీ వచ్చేసరికి ఆమెకు కుడి చెయ్యి లేవడం లేదు, స్కాన్‌లో గడ్డ మళ్లీ పెరిగింది. "అమ్మకి కరెంటు బాధ తప్పుతుందనుకున్నాను సార్" అని తల దించుకున్నాడు. తప్పు నీది కాదు బాబూ అన్నాను. ముందే వచ్చుంటే ఆమెకు పూర్తిగా నయమయ్యేదని నేను అనను, ఆ జబ్బు అలాంటిది. కానీ ఆ చేత్తో ఇంకొన్ని నెలలు తన అన్నం తను కలుపుకుని తినేదేమో. ఇంకో సంగతి, టెమోజోలమైడ్ అనే కీమో మందుకి అల్ట్రాసౌండ్ జోడించి చేసిన ట్రయల్స్‌లో కొన్ని ఆపరేషన్, రేడియేషన్ అయినవాళ్లకే. అంటే రేడియేషన్ మానేసి కూర్చుంటే ఈ కొత్త దారి కూడా మూసుకుపోవచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

తెరిచిన అడ్డుగోడ అలాగే ఉండిపోతుందా? లేదు, మామూలుగా ఒక రోజులోపే మూసుకుంటుంది.

బుడగలు నాళాల్లో అడ్డుపడతాయా? అవి కొన్ని మైక్రాన్ల సైజువి, గుండె ఎకోలో ఏళ్ల తరబడి వాడుతున్నవే. అందులోని గ్యాస్ ఊపిరిలో పోతుంది.

మెదడు ఉడికిపోతుందా? ఇది చాలామందిని భయపెడుతుంది. చేతుల వణుకుకు 2016లో అమెరికాలో అనుమతి పొందినది వేరే పద్ధతి, అందులో ఒక చిన్న చోటును వేడితో కావాలనే మాడుస్తారు. మందు పంపే పద్ధతిలో శక్తి చాలా తక్కువ. బుడగల నుంచి వచ్చే శబ్దాన్ని మెషిన్ వింటూ, హద్దు దాటేలా ఉంటే పవర్ తగ్గిస్తారు. ప్రమాదమే లేదని మాత్రం అనకండి. కొందరికి వాపు, చిన్న రక్తపు చుక్కలు స్కాన్‌లో కనిపించాయి.

అల్జీమర్స్ తగ్గిపోతుందా? 2024 జనవరిలో వెస్ట్ వర్జీనియా వాళ్లు ప్రచురించింది ముగ్గురి గురించి. మందుతో పాటు శబ్దం పెట్టిన చోట అమిలాయిడ్ (ఆ జబ్బులో మెదడులో పేరుకునే ప్రొటీన్) ఎక్కువ తగ్గింది. మరచిపోయిన మనవడి పేరు గుర్తొచ్చిందని వాళ్లెక్కడా అనలేదు.

ఎవరైనా "మా దగ్గర ట్రయల్ ఉంది" అంటే సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. మన దేశంలో ట్రయల్ అంటే ఆ నంబర్ ఉండాలి. నంబర్ చెప్పకుండా ముందు అడ్వాన్స్ కట్టమంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. నిజమైన ట్రయల్ దొరికితే నాకు చెప్పండి, ఉత్తరం నేనే రాసిస్తాను. వచ్చేటప్పుడు బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు), ఆపరేషన్ ముందూ వెనకా తీసిన ఎమ్మారై సీడీలు తెచ్చుకోండి, వాళ్లు ముందు అడిగేది అవే.