విచారణ గుడి, అందులోని కళ: అపోహలు - వాస్తవాలు

విచారణ గుడికి, అంటే ఒక గురువు బాధ్యతలోని కతోలిక సంఘపు గుడికి, జూబిలీ (ఇన్నేళ్లు నిండిన పండగ) వస్తోందంటే కమిటీ కూర్చుంటుంది, రంగులు కొంటారు, పాత సామాను బయటపెడతారు. పాత పనితనానికి పెద్ద దెబ్బ తగిలేది ఆ నెలల్లోనే. అప్పుడు తరచూ వినబడే మాటలివి. వీటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: పాత పీఠాలూ (పూజ జరిపే బల్లలూ) స్వరూపాలూ (విగ్రహాలూ) తీసేయమని రెండవ వాటికన్ మహాసభ (1962-65లో రోములో జరిగిన కతోలిక బిషప్పుల సభ) చెప్పింది.

ఎక్కడా చెప్పలేదు. ఆ సభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన పత్రం 125వ పేరాలో, గుళ్లలో స్వరూపాలు ఉంచే ఆచారం కొనసాగాలనే ఉంది. సంఖ్య మితంగా, అమరిక క్రమంగా ఉండాలంది, అంతే. పవిత్ర సామగ్రి, విలువైన కళాఖండాలు చేజారకుండా, పాడవకుండా మేత్రాణులు (బిషప్పులు) చూసుకోవాలని 126వ పేరా చెబుతుంది. ప్రధాన పీఠం గోడకు ఎడంగా, చుట్టూ తిరిగే వీలుతో ఉంటే మేలన్న మాట 1964లో రోము ఇచ్చిన సూచనల్లోది. దాన్ని బట్టి ముందుకు కొత్త పీఠం కట్టుకోవచ్చు, వెనకున్న పాతదాన్ని పగలగొట్టాల్సిన పనిలేదు.

కతోలిక సంఘపు చట్టం ఇంకా గట్టిగా ఉంది. పాతదనం వల్లనో, కళ వల్లనో, జనం భక్తి వల్లనో విలువైన స్వరూపాన్ని బాగుచేయించాలంటే ముందుగా మేత్రాణులవారి లిఖిత అనుమతి కావాలి. అనుమతి ఇచ్చేముందు ఆయన నిపుణులను సంప్రదించాలి. ఇది ఆ సంఘపు 1983 చట్టసంహితలోని 1189వ నిబంధన. కళాపరంగా, చారిత్రకంగా అమూల్యమైన వస్తువును అమ్మాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా 1292వ నిబంధన ప్రకారం రోము అనుమతి కూడా తప్పదు. విచారణ గురువూ కమిటీ కలిసి చేసిన తీర్మానం ఒక్కటే సరిపోదు.

అపోహ: పాత గాజు మెల్లగా కిందికి జారుతుంది, అందుకే రంగుటద్దాల కిటికీలు ఉబ్బుతాయి.

గాజు జారదు. మామూలు వేడిలో అది గట్టి పదార్థమే. పాత పలకలు ఒకవైపు మందంగా ఉన్నాయంటే, ఊది తిప్పి చదును చేసినప్పుడే అలా తయారయ్యాయన్నమాట. ఉబ్బేది గాజు ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీల చట్రం. ఏటేటా ఎండకు వ్యాకోచించి, చలికి ముడుచుకుని సీసం అలసిపోతుంది. పట్టీకీ గాజుకీ మధ్య కూరిన సుద్ద, అవిసెనూనె ముద్ద ఎండి రాలుతుంది. కిటికీని అడ్డ ఇనుపకడ్డీలకు కట్టిన రాగి తీగలు తెగుతాయి. ఇక ఆ బరువంతా కింది వరసల మీదే పడుతుంది.

పరీక్ష తేలిక. పక్కనుంచి టార్చి వేసి ఉబ్బు ఎంతుందో చూడండి. తెగిన తీగలు లెక్కపెట్టండి. వేలి కొనతో మెల్లగా తడితే గాజు గలగలమంటే కూరిన ముద్ద పోయినట్టే. ఉబ్బును ఉన్నచోటే చేత్తో లోపలికి నొక్కారా, గాజు పగులుతుంది. సందుల్లో సిలికాన్ నింపితే తర్వాత విప్పి బాగుచేసేవాళ్లకు నరకమే. ముఖాల గీతలు, వస్త్రాల మడతలు గాజుపొడి, లోహభస్మాలు కలిపిన రంగుతో గీసి, దాదాపు 650 డిగ్రీల వేడిలో కాల్చినవి. సరిగ్గా కాలని చోట ఆ రంగు పొడిలా లేస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరుతో తుడిస్తే పునీతుల కళ్లూ ముక్కూ గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. బయట రక్షణగా పలక బిగిస్తే కిందా పైనా గాలి ఆడే సందు వదలాలి. లేదంటే రెంటి మధ్యా చెమ్మ పట్టి రంగు ఇంకా వేగంగా పోతుంది.

అపోహ: ప్లాస్టర్ స్వరూపాలు చవకరకం, పండగకోసారి పెయింటు వేస్తే చాలు.

అచ్చులో పోసినవే, నిజం. కానీ ముఖం, చేతులు, అంచు పూలు ఒక్కొక్కటీ చేత్తో అద్దినవి. ఎనామెల్ పెయింటు మూడు పూతలు పడితే కనురెప్పలు పూడిపోతాయి, లోపలి చెమ్మ బయటికి రాదు. బంగారు రేకు తీసి 'గోల్డు పెయింటు' కొడితే, అది ఇత్తడి పొడి కాబట్టి కొన్నాళ్లకు గోధుమరంగుకో ఆకుపచ్చకో తిరుగుతుంది. అసలు రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. సుద్ద, జిగురు పూత మీద అతికినది కనుక తడిగుడ్డ తగిలితే ఊడుతుంది. ప్లాస్టరూ అంతే: లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది, రంగు లేచిన చోట ప్రతి తుడుపుకీ కొంత ఆకారం పోతుంది. పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులపడమే సరైన పద్ధతి. వేళ్లు నిలువునా చీలుతుంటే లోపలి ఇనుపతీగ తుప్పుపట్టి ఉబ్బుతోందని అర్థం. పైన పూత వేసి లాభం లేదు.

రంగు మారితే పేరూ మారుతుంది. లిల్లీ పువ్వు, బాలయేసు ఉన్న స్వరూపం జోజప్పగారిదో (యేసును పెంచిన యోసేపు) అంతోనివారిదో (ఫ్రాన్సిస్కన్ సన్యాసి అయిన పునీతుడు) తేల్చాలంటే నడుం చూడండి: మూడు ముడుల తాడు, నెత్తిన గుండు, గడ్డం లేని ముఖం ఉంటే అంతోనివారు. గడ్డం ఉంటే, చేతిలో కర్రో వడ్రంగి పనిముట్టో ఉంటే జోజప్పగారు. పెయింటు వేసేవారు ఫ్రాన్సిస్కన్ అంగీని నీలంగా మార్చిన చోట ఈ గుర్తులే దిక్కు. స్వరూపం అడుగు దిమ్మ అంచు, వెనక భాగం కూడా చూడండి. తయారీదారు ముద్ర ఉండేది అక్కడే, కొత్త పూత కింద ముందు మాయమయ్యేదీ అదే.

అపోహ: సిలువ మార్గంలో (యేసు శ్రమలను ఒక్కో స్థలం దగ్గర ఆగి ధ్యానించే వరసలో) ముఖ్యమైనవి పటాలే.

ముఖ్యమైనవి 14 చెక్క సిలువలు. పటాలు ధ్యానానికి తోడు. స్థలాలను 14గా 1731లో పన్నెండవ క్లెమెంటు పోపుగారు స్థిరపరిచారు. కొత్త పటాలు కొన్నారని పాత చట్రాల మీది చిన్న సిలువలను పారేయకండి.

అపోహ: గోడల మీది గుండ్రటి సిలువలు అలంకారం.

గుడిని ప్రతిష్ఠించినప్పుడు మేత్రాణులు పరిశుద్ధ తైలంతో అభిషేకించిన చోట్లవి. సాధారణంగా 12 ఉంటాయి, ఒక్కోదాని దగ్గర కొవ్వొత్తికి చోటుంటుంది. సున్నం కింద కప్పబడితే రాత్రిపూట గోడకు ఆనించి టార్చి వేస్తే అంచులు తేలతాయి.

అపోహ: పునాదిరాయి మీది సంవత్సరమే విచారణ వయసు.

రాయి వేసిన ఏడాది, గుడిని ప్రతిష్ఠించిన ఏడాది, విచారణ ఏర్పడిన ఏడాది వేరువేరు కావచ్చు. జ్ఞానస్నానాల రిజిస్టర్లు భవనంకన్నా పాతవై ఉండటం మామూలే. వాటి అంచుల్లో భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే సంస్కారం), వివాహం, గురుపట్టం (గురువుగా అభిషేకం) వివరాలు చేర్చి ఉంటాయి. బైండింగు చేయించేటప్పుడు అంచులు కత్తిరిస్తే ఆ సమాచారమంతా పోతుంది.

అపోహ: గంటలో వెండి కలిపితే నాదం తియ్యగా ఉంటుంది.

గంట కంచు దాదాపు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. వెండి వల్ల నాదానికి ఒరిగేదేమీ లేదు. నాదాన్ని నిర్ణయించేది గంట ఆకృతి, అంచు మందం. నాలుక ఏళ్లతరబడి ఒకేచోట కొడితే అక్కడ గుంటపడి చివరికి పగులుతుంది. గుంట కనబడగానే గంటను పావుచుట్టు తిప్పి బిగించాలి. పగిలిందా, మామూలు వెల్డింగు చేయించవద్దు. కంచు వెల్డింగు తెలిసినవారు గంట మొత్తాన్నీ నెమ్మదిగా వేడిచేసి అతికిస్తారు. అంతవరకు మోగించడం ఆపాలి. ఒక్కో దెబ్బకీ చీలిక ఇంకాస్త పైకి పాకుతుంది.