గోల్డెన్ గాయ్ బుల్లి బార్లు: అపోహలు - వాస్తవాలు

టోక్యో షింజుకులో హనజోనో గుడి పక్కన ఆరు సన్నటి సందులున్నాయి. అదే గోల్డెన్ గాయ్. ఇద్దరు ఎదురుపడితే ఒకరు భుజం తిప్పి దారివ్వాలి. ఆ సందుల్లో 200కు పైగా బార్లు ఉన్నాయి. ఇక్కడ చాలా షాపుల్లో రోజుకొక మాస్టర్, అంటే బార్ నడిపే మనిషి, కౌంటర్ చూసుకుంటారు. ఒక షాపులో వారానికి రెండు రాత్రులు ఆ పని నాది. మనవాళ్ల నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి, వాటికి జవాబు రాస్తున్నాను.

అపోహ: అడగని గిన్నె ముందు పెట్టి బిల్లులో వేశారంటే మోసమే.

వాస్తవం: ఎక్కువ గొడవ దీని దగ్గరే. ఆ చిన్న గిన్నెను ఒతోషి అంటారు. ఉడికించిన ముల్లంగి ముక్కలో, కాసిని గింజలో ఉంటాయి. దానితో కలిపి, లేదా విడిగా, సీటు చార్జి పడుతుంది. మామూలుగా 500 నుంచి 1,500 యెన్లు. చాలామంది తలుపు మీదే రాసిపెడతారు. కొన్ని షాపులు అసలు తీసుకోవు.

ఎందుకు తీసుకుంటారంటే, ఒక్కో షాపు 3 నుంచి 4.5 త్సుబోలు (జపాన్ స్థలం కొలత), మన లెక్కలో 12 నుంచి 18 గజాలు. మా కౌంటర్‌కు 7 సీట్లు. చివర కూర్చున్నాయన టాయిలెట్‌కు వెళ్లాలంటే మిగతా ఆరుగురూ స్టూళ్లు ముందుకు లాక్కుని, పొట్ట బిగబట్టి దారివ్వాలి. ఒకాయన ఒక్క హైబాల్‌తో (సోడా కలిపిన విస్కీ) రెండు గంటలు కూర్చుంటాడు. కూర్చోనివ్వాలి కూడా, ఆయన వచ్చింది కబుర్ల కోసం. అద్దె, కరెంటు, ఐసు అన్నీ ఆ 7 సీట్ల మీదే గడవాలి. మీరు కట్టేది ఆ సీటు అద్దె. టిప్పు మాత్రం ఇవ్వక్కర్లేదు.

శాకాహారులకు ఒక మాట: ఒతోషి కూరల్లో చాలాసార్లు చేపతో కాచిన దాషి అనే రసం పడుతుంది. కూర్చోగానే చెప్పండి.

అపోహ: విదేశీయులను లోపలికి రానివ్వరు.

వాస్తవం: కొన్ని షాపులు పాత పరిచయస్తులకే తెరుస్తాయి. వాళ్లు కొని దాచుకున్న సీసాలు, పేర్లు రాసి, అరలో ఉంటాయి. విదేశీయులు అనగానే తలుపు మూసేవాళ్లూ లేకపోలేదు, అది నాకు నచ్చదు. అయితే ఇంగ్లిష్ మెనూ పెట్టి పిలిచే షాపులు ఇప్పుడు బోలెడు.

అసలు చిక్కు గుంపుగా రావడంతోనే. ఒక శుక్రవారం రాత్రి మనవాళ్లు ఆరుగురు వచ్చారు. ఖాళీ ఉన్నవి మూడు సీట్లు. చేతులు అడ్డంగా పెట్టి లేవని సైగ చేశాను. "తెలుగువాడివై ఉండి ఇలాగా అన్నా?" అన్నాడొక తమ్ముడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇద్దరిద్దరుగా విడిపోయి రండి, మీకు చోటు దొరకాలనే చెబుతున్నాను.

అపోహ: అవి అమ్మాయిల బార్లు.

వాస్తవం: ఒకప్పటి కథ అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బ్లాక్ మార్కెట్ వ్యాపారులు ఇక్కడ చేరారు. కింద తిండి అంగడి, పైన అనుమతి లేని వ్యభిచారం. వ్యభిచార నిషేధ చట్టం 1958లో పూర్తిగా అమల్లోకి రావడంతో ఆ గదులే బార్లయ్యాయి. రచయితలు, సినిమావాళ్లు, నాటకాలవాళ్లు వచ్చి చేరారు. ఇప్పటికీ పై షాపుకు నిచ్చెనలాంటి మెట్లే, దిగేటప్పుడు జాగ్రత్త. పక్కనే ఉన్న వినోదాల పేట కబుకిచో రోడ్ల మీద "రండి, చౌక" అంటూ వెంటపడేవాళ్లు వేరు. వాళ్ల వెనక వెళ్లకండి.

అపోహ: ఎడో కాలం (1603-1868) నాటి సందులు.

వాస్తవం: కాదు. అయినా నిలబడటమే గొప్ప. 1980ల్లో భూమి ధరలు ఆకాశాన్నంటినప్పుడు స్థలం కోసం ఒత్తిళ్లొచ్చాయి, నిప్పు పెట్టిన ఘటనలూ జరిగాయి. షాపులవాళ్లు, వాళ్ల అభిమానులు రాత్రిళ్లు కాపలా కాశారు. 2016 ఏప్రిల్‌లో మళ్లీ మంటలు. అన్నీ కర్ర కట్టడాలే, గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. అందుకే సిగరెట్ పీక సందులో పడేస్తే మేం అంత గట్టిగా అరుస్తాం.

అపోహ: తాగేసి ఎప్పుడైనా రైల్లో వెళ్లిపోవచ్చు.

వాస్తవం: అర్ధరాత్రి దాటిన కాసేపటికే చివరి రైలు వెళ్లిపోతుంది. మళ్లీ రైలు తెల్లవారుజామునే. చివరి రైలు ఎన్నింటికో కూర్చునే ముందే చూసి పెట్టుకోండి, లేదా మాస్టర్‌ను అడగండి.