నారుమడి ఎవరిది? వుల్వ్స్, హరికేన్స్ తగువు వెనక కథ

అమెరికన్ హాకీ లీగ్ (ఏహెచ్‌ఎల్)లో 32 జట్లున్నాయి. దానికి పైన ఉండే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ 32 క్లబ్బులే. ఒక్కో క్లబ్బుకి కింద ఒక జట్టు, లెక్క సరిపోయింది. 2023-24 సీజన్‌లో మాత్రం ఈ లెక్క తప్పింది. షికాగో వుల్వ్స్‌కి పైన ఏ క్లబ్బూ లేదు, కరోలినా హరికేన్స్‌కి కింద ఏ జట్టూ లేదు. ఏహెచ్‌ఎల్‌లో ఒక జట్టు ఇలా ఒంటరిగా ఆడి అప్పటికి పాతికేళ్ళు దాటింది. పైగా ఆ ఇద్దరూ కలిసి 2022 జూన్‌లో ఏహెచ్‌ఎల్ విజేతకిచ్చే కాల్డర్ కప్పు గెలిచారు. కప్పు గెలిచిన ఏడాదికే విడిపోయారు.

మనకి హాకీ అంటే పచ్చిక మీద ఆట. ఇది మంచు మీద, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని ఆడేది. దీంట్లో కింది జట్టుని ఫార్మ్ టీమ్ అంటారు. మన మాటల్లో నారుమడి అనుకోవచ్చు. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్ ఒకేసారి 50 మంది దాకా ఆటగాళ్ళతో ఒప్పందం చేసుకోవచ్చు. పైజట్టులో 23 మందికే చోటు, మ్యాచ్ రోజు బరిలోకి దిగేది 20 మందే. మిగతావాళ్ళు ఎక్కడో ఒకచోట ఆడుతూ ఉండాలి కదా. ఇరవై ఏళ్ళ కుర్రాడిని బెంచీ మీద కూర్చోబెడితే వాడు ఎదగడు. అందుకే కిందకి పంపుతారు. చాలామందికి టూ-వే కాంట్రాక్టు ఉంటుంది. అంటే పైన ఆడితే ఒక జీతం, కింద ఆడితే ఇంకో జీతం. పొద్దున ఫోన్ వస్తుంది, స్టిక్కులు సర్దుకుని విమానం ఎక్కుతాడు, ఆ రాత్రికి పెద్ద జట్టు జెర్సీలో ఉంటాడు. నెలలోపే మళ్ళీ కిందకి వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ నారుమడికీ ఒక ఊరుంటుంది, స్టేడియం ఉంటుంది, పిల్లల్ని వెంటబెట్టుకుని టికెట్ కొనుక్కుని వచ్చే జనం ఉంటారు. వాళ్ళకి ఈ రాత్రి గెలవాలి. పై క్లబ్బుకి మూడేళ్ళ తర్వాత ఒక డిఫెన్స్‌మన్ తయారవ్వాలి. ఈ రెండు కోరికలూ ఎప్పుడూ ఒక దారిన నడవవు.

ఈ పేచీ కొత్తది కాదు. ఏహెచ్‌ఎల్ పుట్టింది 1936లో. అప్పట్లో దాంట్లో కొన్ని జట్లు ఎవరికీ కింద ఉన్నట్టు ప్రవర్తించేవి కావు. క్లీవ్‌లాండ్ బేరన్స్‌నే తీసుకోండి. తొమ్మిది కాల్డర్ కప్పులు గెలిచింది, 1952లో ఏకంగా ఎన్‌హెచ్‌ఎల్‌లోనే చేర్చుకోమని అడిగింది. వాళ్ళు చేర్చుకోలేదు. ఆ జట్టు గోలీ (గోల్‌కీపర్) జానీ బోవర్ కథ చూస్తే అప్పటి పరిస్థితి అర్థమవుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరే జట్లు, ఒక్కో జట్టుకి ఒక్కడే గోలీ. బోవర్‌ని న్యూయార్క్ రేంజర్స్ తీసుకుని 1953-54లో మొత్తం 70 మ్యాచ్‌లూ ఆడించింది. మరుసటి ఏడాది మళ్ళీ కిందకి పంపింది. మూడుసార్లు ఏహెచ్‌ఎల్ ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నా, 1958లో టొరంటో తీసుకునేదాకా ఆయనకి పైన స్థిరమైన చోటు దొరకలేదు. అప్పటికి ఆయన వయసు 33. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు నాలుగుసార్లు గెలిచాడు. అంత ఆలస్యంగా కోతకొచ్చిన నారు ఇంకొకటి నాకైతే గుర్తురావడం లేదు.

ఇంకోవైపు స్ప్రింగ్‌ఫీల్డ్ జట్టు ఉంది. బోస్టన్ బ్రూయిన్స్‌లో పేరుమోసిన ఎడ్డీ షోర్ 1939లో ఆ జట్టుని కొన్నాడు. తుది జట్టులో చోటు దక్కని ఆటగాళ్ళ చేత స్టేడియం కుర్చీలకి రంగులు వేయించేవాడు, పాప్‌కార్న్ అమ్మించేవాడు, బల్బులు మార్పించేవాడు. అది పై క్లబ్బు చెప్పే పని కాదు, పూర్తిగా యజమాని ఇష్టం. 1966 డిసెంబర్‌లో ముగ్గురిని సస్పెండ్ చేసేసరికి మిగతావాళ్ళు ఆడం పొమ్మన్నారు. వాళ్ళ తరఫున మాట్లాడడానికి వచ్చిన లాయర్ అలాన్ ఈగిల్‌సన్ మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళ సంఘానికి సారథి అయ్యాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ జట్టు అదే 1967లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ చేతికి వెళ్ళింది. ఎన్‌హెచ్‌ఎల్ ఆరు జట్ల నుంచి పన్నెండుకి పెరిగింది కూడా ఆ ఏడాదే. జట్లు రెట్టింపయ్యాయి, నారు అవసరమూ పెరిగింది.

వుల్వ్స్ మాత్రం ఈ వంశంలోది కాదు. అది 1994లో ఇంటర్నేషనల్ హాకీ లీగ్‌లో పుట్టింది. పెద్ద నగరాల్లో, పెద్ద స్టేడియాల్లో, ఎన్‌హెచ్‌ఎల్‌కి తోకగా కాకుండా సొంతంగా నిలబడాలని చూసిన లీగ్ అది. వుల్వ్స్ ఆడేది షికాగో శివారు రోజ్‌మాంట్‌లో. ఓహేర్ విమానాశ్రయంలో దిగి శివార్లలోని చుట్టాల ఇంటికి వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది ఆ స్టేడియం దగ్గర్లోంచే వెళ్ళి ఉంటారు. ఊళ్ళో బ్లాక్‌హాక్స్ అనే ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్ ఉండగానే దాని పక్కన ఇంకో జట్టు పెట్టడం సాహసమే. కానీ అప్పటి బ్లాక్‌హాక్స్ యజమాని బిల్ విర్ట్జ్, సొంతగడ్డ మీద జరిగే మ్యాచ్‌లని స్థానిక టీవీలో చూపించనిచ్చేవాడు కాదు. 2007లో ఆయన చనిపోయేదాకా అంతే. వుల్వ్స్ ఆ ఖాళీలోకి దూరింది. 1998లో, 2000లో ఆ లీగ్ టర్నర్ కప్పు కొట్టింది. గెలుపు చూపించి జనాన్ని రప్పించుకున్న జట్టు కాబట్టి, "ఈసారికి ఓడినా పర్లేదు, కుర్రాళ్ళు నేర్చుకుంటున్నారు" అంటే వుల్వ్స్ యజమాని డాన్ లెవిన్‌కి మింగుడుపడదు.

2001లో ఆ లీగ్ మూతపడింది. వుల్వ్స్‌తో కలిపి ఆరు జట్లు ఏహెచ్‌ఎల్‌లోకి వచ్చాయి. వచ్చాక అక్కడి పద్ధతి పాటించాల్సిందే. గోలీలు పోను బరిలోకి దిగే 18 మంది స్కేటర్లలో 13 మంది ఎదుగుతున్న ఆటగాళ్ళయి ఉండాలి. వాళ్ళలో పన్నెండుగురు 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లు దాటకూడదు, ఇంకొకరు 320 దాటకూడదు. అంటే ఆరితేరిన సీనియర్లకి ఐదే చోట్లు.

అప్పటినుంచి వుల్వ్స్ మడి కౌలుకిచ్చే ఆసామిలా బతికింది. జట్టు లెవిన్‌ది. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్ తన కుర్రాళ్ళని, వాళ్ళ జీతాలని తెస్తుంది. టికెట్ల అమ్మకం, స్టేడియం గొడవ ఇక్కడివాళ్ళది. మొదట వచ్చింది అట్లాంటా త్రాషర్స్. ఆ పదేళ్ళూ బాగా కుదిరింది, 2002లో, 2008లో కప్పులొచ్చాయి. 2008 కప్పు గెలిపించిన కోచ్ జాన్ ఆండర్సన్‌ని అట్లాంటా పైకి తీసుకుపోయింది. 2011లో ఆ క్లబ్బే విన్నిపెగ్‌కి అమ్ముడుపోయింది. తర్వాత వాంకూవర్ వచ్చింది, రెండేళ్ళకే పియోరియా జట్టుని కొనుక్కుని యూటికాకి తీసుకెళ్ళిపోయింది. సెయింట్ లూయిస్ వచ్చింది. దాని తర్వాత కొత్తగా పుట్టిన వేగస్ వచ్చింది, 2020లో శాన్ ఆంటోనియో జట్టుని కొని తన ఊరి పక్కన హెండర్సన్‌లో పెట్టుకుంది.

అందరూ ఎందుకు వెళ్ళిపోతున్నారంటే, కౌలు మడి కన్నా సొంత మడి మేలని ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులకి అర్థమైంది. కోచ్ మన మనిషే, పైన ఆడే పద్ధతే కిందా ఆడిస్తాడు, కుర్రాడికి ఎన్ని నిమిషాలివ్వాలో మనమే చెప్తాం. దూరం సంగతీ ఉంది. 2015లో పశ్చిమ ప్రాంతపు క్లబ్బులు ఐదు ఒక్కసారిగా తమ ఫార్మ్ జట్లని కాలిఫోర్నియాకి తెచ్చుకున్నాయి. మధ్యాహ్నం గాయం తెలిస్తే సాయంత్రానికి మనిషి రావాలి మరి. ఇప్పుడు సగానికి పైగా క్లబ్బులు కింది జట్టుని సొంతం చేసుకున్నాయి.

కౌలు పద్ధతి ఎక్కడా కుదరదని కాదు. హెర్షీ బేర్స్ 1938 నుంచి ఏహెచ్‌ఎల్‌లో ఉంది, చాక్లెట్ల ఊరి కంపెనీ హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్‌దే ఆ జట్టు. 2005 నుంచి వాషింగ్టన్ క్యాపిటల్స్ నారు అక్కడే పెరుగుతోంది. హాల్ట్‌బీ, కార్ల్‌సన్ ఆ దారినే వచ్చి 2018 స్టాన్లీ కప్పు జట్టులో ఆడారు. అటు హెర్షీ కూడా 2006, 2009, 2010, 2023, 2024లలో కాల్డర్ కప్పు ఎత్తింది. గెలవడం కూడా కుర్రాళ్ళకి నేర్పాల్సిన పాఠమేనని క్యాపిటల్స్ ఒప్పుకున్నట్టుంది. పేచీ అంతా ఈ ఒక్క మాట దగ్గరే.

ఇక కరోలినా. పదేళ్ళపాటు దాని ఫార్మ్ జట్టు అదే రాష్ట్రంలోని షార్లట్ చెకర్స్. 2019 ఫైనల్లో షార్లట్ ఓడించింది ఎవరిననుకున్నారు? వుల్వ్స్‌నే. ఏడాది తిరిగేసరికి షార్లట్ ఫ్లోరిడా క్లబ్బు వైపు పోయింది, కరోలినా ఓడిపోయిన వుల్వ్స్ దగ్గరికి వచ్చింది. అప్పటి కరోలినా మేనేజర్ డాన్ వాడెల్ అట్లాంటా రోజుల నుంచీ లెవిన్‌కి తెలిసిన మనిషే. రెండో ఏడాదికే కప్పొచ్చింది. 2022-23లో మాత్రం వుల్వ్స్ ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు. ఆ వసంతంలో ఒప్పందం ముగిసింది. ఆటగాళ్ళని ఎంచుకోవడంలో తమ మాట చెల్లాలని, గెలిచే జట్టు కావాలని వుల్వ్స్ పట్టు. తమ కుర్రాళ్ళు ఎలా ఎదగాలో తామే చూసుకోవాలని కరోలినా పట్టు.

తర్వాతి ఏడాది ఇద్దరికీ చేదుగానే గడిచింది. ఏహెచ్‌ఎల్‌లో ఖాళీ జట్టు లేదు కాబట్టి హరికేన్స్ తన కుర్రాళ్ళని వేరే క్లబ్బుల ఫార్మ్ జట్లకి అప్పిచ్చింది. గోలీ ప్యోత్ర్ కొచెట్కోవ్‌ని టాంపా వాళ్ళ సిరాక్యూస్‌కి పంపింది. పరాయి ఇంట్లో మన పిల్లాడికి మొదటి వడ్డన ఎవరు చేస్తారు? వాళ్ళ గోలీ వాళ్ళకి ముందు. నవంబర్‌లో సీనియర్ గోలీ ఫ్రెడరిక్ ఆండర్సన్‌కి రక్తం గడ్డకట్టే సమస్య వచ్చింది, జనవరిలో కొచెట్కోవ్ తలకి దెబ్బ తగిలింది. కింద సొంత జట్టు లేక ఇంకో మెట్టు దిగువన ఈసీహెచ్‌ఎల్‌లో నార్‌ఫోక్‌కి ఆడుతున్న యానివ్ పెరెట్స్‌ని రప్పించుకున్నారు. కొలంబస్ వదిలేసిన స్పెన్సర్ మార్టిన్‌ని అందుకున్నారు.

వుల్వ్స్ వైపు సీనియర్లని తెచ్చుకున్నారు, సొంతంగా కోచ్‌ని పెట్టుకున్నారు. సెంట్రల్ డివిజన్‌లో ఆఖరి స్థానంలో నిలిచారు.

2024 మేలో ఇద్దరూ మళ్ళీ చేతులు కలిపారు, మూడేళ్ళ ఒప్పందం. అదే నెలలో వాడెల్ కరోలినా వదిలి వెళ్ళిపోయాడు, ఆ కుర్చీలోకి ఎరిక్ టల్స్కీ వచ్చాడు. ఆ శరదృతువులో రోజ్‌మాంట్‌లో కొత్త కోచ్ కామ్ ఆబట్ బెంచీ వెనక నిలబడ్డాడు, జట్టు నిండా మళ్ళీ హరికేన్స్ కుర్రాళ్ళే. ఒప్పందం గడువు 2026-27 సీజన్‌తో తీరుతుంది.