నేపర్‌విల్: నేను రోజూ వినే అపోహలు

ఇల్లినాయి రాష్ట్రంలో, షికాగోకు పడమట ఉన్న మా నేపర్‌విల్‌ను వచ్చినవాళ్లకు తిప్పి చూపించడం నా పని. తెలుగు కుటుంబాలు ఎక్కువగానే వస్తాయి. ఈ అపోహలన్నీ వాళ్ల నోట విన్నవే.

అపోహ: ఐటీ ఉద్యోగాలతో పుట్టిన ఊరు.

వాస్తవం: 1831లో జోసెఫ్ నేపర్, మరికొన్ని కుటుంబాలు ఒహాయో నుంచి ఓడలో షికాగో చేరి, అక్కడి నుంచి డుపేజ్ నది ఒడ్డుకు వచ్చి రంపపు మిల్లు పెట్టుకున్నారు. షికాగో పట్టణంగా నమోదైంది మరో రెండేళ్లకు, 1833లో. అయితే వాళ్లు వచ్చింది ఖాళీ నేలకు కాదు. అది పొటావటోమీ అనే స్థానిక అమెరికన్ ప్రజలది. అదే 1833లో జరిగిన ఒప్పందంతో వారు మిసిసిపీ నదికి ఆవలికి తరలిపోవలసి వచ్చింది. ఈ మాట చెప్పకుండా నేను ఊరి కథ మొదలుపెట్టను.

ఐటీ కథ చాలా తర్వాతిది. 1960లో జనాభా 13 వేల లోపే. ఆ దశాబ్దంలో టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వచ్చాక ఊరు పెరగడం మొదలైంది. 2020 నాటికి లక్షన్నరకు చేరువైంది. మనవాళ్లూ ఆ పెరుగుదలలో వచ్చినవాళ్లే. పక్కనున్న అరోరాలో బాలాజీ గుడి 1986లో వెలిసింది.

అపోహ: షికాగోలో పనిచేసేవాళ్లు రాత్రి పడుకోవడానికి వచ్చే ఊరు.

వాస్తవం: సోఫాలు, కుర్చీలు చేసే క్రోలర్ ఫ్యాక్టరీ 1978 దాకా ఇక్కడ ఎన్నో ఇళ్లకు తిండి పెట్టింది. రైల్వే స్టేషన్ దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది.

అపోహ: నేపర్ సెటిల్‌మెంట్ మ్యూజియంలోని ఇళ్లన్నీ మొదటి నుంచీ అక్కడివే.

వాస్తవం: ఇది చెప్పేటప్పుడు నాకు గొంతు కాస్త పెరుగుతుంది. అసలు చోటనే ఉన్నది 1883 నాటి మార్టిన్ మిచెల్ భవనం. అక్కడున్న చర్చి 1864లో కట్టినది, మరోచోట ఉండేది. దాన్ని పడగొట్టబోతుంటే ఊరివాళ్లు సంఘం పెట్టుకుని, డబ్బు కూడగట్టి, 1970లో భవనాన్ని భవనంగానే ఇక్కడికి చేర్చారు. మ్యూజియం అలా మొదలైంది. అంతకుముందు, 1946లో, 1834 నాటి ప్రీ-ఎంప్షన్ హౌస్ అనే పాత సత్రాన్ని ఎవరూ కాపాడలేకపోయారు. ఇప్పుడు మీరు చూసేది దాని నమూనా. ఆ చర్చినీ, ఈ నమూనానూ ఒకదాని తర్వాత ఒకటి చూడమంటాను.

అపోహ: నది ఒడ్డు నడకదారి రివర్‌వాక్ మీది కప్పున్న వంతెనలు నూరేళ్ల నాటివి.

వాస్తవం: కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఆ వంతెన దూలాన్ని అరచేత్తో నిమిరి, "తాతల కాలంనాటి చెక్కే కదమ్మా?" అన్నారు. "కాదు బాబాయిగారూ, మీ అబ్బాయి ఈడుది" అన్నాను. ఊరికి 150 ఏళ్లు నిండిన 1981లో, పాడుబడ్డ నది ఒడ్డును ఊరివాళ్లే శుభ్రం చేసి, ఇటుకల దారి పరిచారు. ఆయనకు ఆ సంగతే ఎక్కువ నచ్చింది. దారి పొడవునా ఆగి ఆగి ఇటుకల వంక చూశారు.

అపోహ: సెంటెనియల్ బీచ్ సహజమైన చెరువు.

వాస్తవం: అది రాతి క్వారీ. ఊరికి నూరేళ్లయిన గుర్తుగా ఈతకొలనుగా మార్చారు. ఒకవైపు ఇసుక, పసిపిల్లలకు మోకాలి లోతు నీళ్లు. రెండోవైపు చాలా లోతు, ఈత రానివాళ్లు అటు వెళ్లవద్దు.